లియోరా చూద్దాం అంది

లియోరా హాకెన్‌బర్గ్‌కి పంతొమ్మిదేళ్ళప్పుడు, ఎండుగడ్డి కట్టలు అటక మీదికి ఎక్కిస్తున్న ఒక మధ్యాహ్నం, పక్క పొలం మార్లిన్ బింగమన్ చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకుని, "మనిద్దరం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందంటావ్?" అని అడిగాడు.

లియోరా చేతిలోని కట్టను దించకుండానే, "చూద్దాం," అంది.

మార్లిన్ తలూపాడు. మళ్ళీ తొడుగులు వేసుకుని, మిగిలిన కట్టలన్నీ ఎక్కించి, మంచినీళ్ళు తాగి ఇంటికి పోయాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మరుసటి వేసవిలో నడీన్‌ని చేసుకున్నాడు. ఆ పెళ్ళికి లియోరా మూడు కేకులు చేసి పంపింది.

పెన్సిల్వేనియా కొండల్లోని ఏబర్ లోయలో చూద్దాం అంటే వద్దు అని అర్థం. అది ఎవరూ ఎవరికీ నేర్పరు. మా కుక్కపిల్లల్లో ఒకదాన్ని పెంచుకుంటావా అంటే, చూద్దాం. చర్చి గాయకబృందంలో చేరతావా అంటే, చూద్దాం. అడిగినవాడికి జవాబు అందినట్టే. అతను వాతావరణం గురించి ఒక మాట మాట్లాడి సెలవు తీసుకుంటాడు. మొహం మీద వద్దు అనడమంటే ఆ లోయలో ఉమ్మెయ్యడంతో సమానం. తాతల నాటి జర్మను భాష పోయింది, తాతల గుర్రబ్బండ్లు పోయాయి కానీ, తాతల మొహమాటం మాత్రం చెక్కు చెదరకుండా నిలిచింది.

ఆ మొహమాటమే లియోరాని యాభై ఎనిమిదేళ్ళూ నడిపింది. తల్లి చిన్నతనంలోనే పోయింది, తోడబుట్టినవాళ్ళు లేరు. తండ్రి హార్వీ కూతురికి పొలం వదిలిపెట్టి వెళ్ళిపోయి పదకొండేళ్ళయింది. నలభై రెండు ఆవులు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక పూట, సాయంత్రం నాలుగున్నరకి ఇంకో పూట. ఆవుకి క్రిస్మస్ లేదు. పితికేవాళ్ళకి జ్వరం వచ్చినా ఆవుకి అక్కర్లేదు. ఒక్కటంటే ఒక్కసారి, తండ్రి పోయిన ఫిబ్రవరిలో, అంత్యక్రియలు అయ్యేదాకా నాలుగు రోజులు, ఎనిమిది పూటలు ఆమె కొట్టంలో అడుగుపెట్టలేదు. ఆ ఎనిమిది పూటలూ మార్లిన్ పితికాడు. తను పనిచేసే అల్మారాల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. రమ్మని ఎవరూ అడగలేదు, వచ్చానని అతను తర్వాత ఎక్కడా చెప్పుకోలేదు.

ఇంత చాకిరీలో ఆమెకి తనదంటూ ఉన్నది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. చర్చి నుంచి వచ్చి, మంచి బట్టలు విప్పి, తండ్రి పాత గోధుమరంగు కోటు తొడుక్కుని, డబ్బాలో బీట్‌రూట్ రసంలో ఊరిన రెండు గుడ్లూ ఒక బొలోనా సాసేజ్ ముక్కా పెట్టుకుని పొలానికి పైన కొండ మీదున్న తమ అడవికి నడిచేది. అడవి మధ్యలో ఒక ఊట, దాని పక్కన వెడల్పాటి రాయి. ఆ రాయి మీద కూర్చుని బూట్లు విప్పేది. అంతే. చదివేది కాదు, ప్రార్థన చేసేది కాదు, అల్లేది కాదు. నాలుగింటిదాకా ఆమెను ఏ ఆవూ ఏ మనిషీ ఏమీ అడగని చోటు అది. వారానికి నూట అరవై ఎనిమిది గంటల్లో మూడున్నర గంటలు. మిగతావన్నీ అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చేసింది.

"ఆవుకి ఆదివారం తెలీదే పిల్లా, జింకకి తెలుసు," అనేవాడు హార్వీ. నిజమే. ఆదివారం జింకలు పట్టపగలే ఊట దగ్గరికి దిగివచ్చేవి. లియోరాని చూసి చెవులు నిక్కబొడుచుకుని, ఒక క్షణం ఆలోచించి, నీళ్ళు తాగేవి. అలాగని ఆమె జింకల మీద జాలిపడే మనిషి కాదు. పన్నెండో ఏట తండ్రి రైఫిల్‌తో మొదటి కొమ్ముల జింకను పడగొట్టింది. ఇప్పటికి ముప్పై ఒకటి. పొట్ట చీల్చి పేగులు తియ్యడంలో లోయలో మగవాళ్ళు కూడా ఆమె ముందు దిగదుడుపే. "శనివారం కనిపిస్తే నిన్ను వదలను. ఇవాళ తాగి పో," అన్నట్టుండేది ఆమె చూపు. ఆదివారం జింకను కొట్టకూడదన్నది పెన్సిల్వేనియాలో ఆమె ముత్తాత పుట్టక ముందు నుంచీ చట్టం. ఆ చట్టం గురించి ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. కాళ్ళ కింద నేల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆ నేల కదలడం మొదలుపెట్టింది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం మొదలయ్యే జింకల వేటను ముందు శనివారానికి జరిపారు. తర్వాత ఆదివారం మీద పడ్డారు. ఆదివారం కూడా జింకల్ని కొట్టొచ్చని బిల్లు పెట్టారని, దాని మీద జనం మాట వింటారని, ఫైర్ స్టేషన్ హాల్లో సభ అని కబురొచ్చింది. లియోరా సాయంత్రం పాలు గంట ముందే పితికేసి వెళ్ళింది.

హాలు నిండిపోయింది. వెనక బల్ల మీద కోడిమాంసం, మొక్కజొన్న వేసిన సూపు పొగలు కక్కుతోంది. ముందు వరసలో వేట క్లబ్బు వాళ్ళు, రెండో వరసలో చర్చివాళ్ళు, మిగతా అంతా రైతులు. వేదిక మీద రాజధాని నుంచి వచ్చిన, టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన.

క్లబ్బు మనిషి లేచాడు. "అయ్యా, ఆదివారం వేట ఇప్పుడు మాత్రం లేదా? కాకినీ నక్కనీ కొట్టొచ్చని చట్టంలోనే ఉందిగా. జింకని కొడితే దేవుడికి కోపం, కాకిని కొడితే రాదా? కాకి ఏం పాపం చేసుకుంది?"

"అందుకేగా ఆదివారం అడవిలో దొరికిన ప్రతివాడూ కాకులకోసం వచ్చానంటాడు!" వెనకనుంచి ఎవరో అరిచారు. "మీ బావమరిది జింకల తుపాకీ పట్టుకుని మా తోటలో దొరికాడే, ఆయనా కాకులకేనట! కాకమ్మ కథలు మాకు చెప్పకు!"

హాలు గొల్లుమంది. నవ్వు తగ్గాక మార్లిన్ లేచాడు. అతని మాట ఎవరూ నవ్వులాటకి తీసుకోలేదు.

"నేను సోమవారం నుంచి శుక్రవారం దాకా అల్మారా తలుపులు కోస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. సీజన్ మొత్తానికి నాకు చిక్కేవి రెండు శనివారాలు, అదీ ఓవర్‌టైం పడకపోతే. ఆ రెండు రోజులూ వాన పడితే ఏడాది పోయినట్టే. డాక్టరు మంగళవారం వేటకి పోతాడు, లాయరు గురువారం పోతాడు. ఇక నాకు మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కరోజుకీ తాళం వేశారు. నా మోకాళ్ళు ఇంకెన్నేళ్ళు కొండెక్కనిస్తాయో నాకు తెలీదు. అంతే నేను చెప్పేది."

లియోరా మనసులో, నిజమే, అనుకుంది. అతను చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే ఆమెకి ఒళ్ళు మండించింది. అబద్ధమైతే తిట్టిపోసేది.

టై కట్టుకున్న పెద్దమనిషి చేతులు చాపి చిరునవ్వు నవ్వాడు. "రైతులు కంగారు పడాల్సిన పనే లేదు. సొంత భూమిలో అయితే యజమాని రాతపూర్వకంగా అనుమతిస్తేనే ఆదివారం వేట. అంటే నిర్ణయం మీ చేతుల్లోనే! ఇష్టంలేదా, వద్దనండి. అంతే కదా, ఎంత సులువు!"

రైతులు బూట్లు చూసుకుంటున్నారు. లియోరా ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. చేతిలో సూపు గిన్నె ఉంది, కింద పెట్టడం మర్చిపోయింది.

"సులువా?" అంది. గొంతు వణికింది. "ఈ హాల్లో, పక్కింటివాడి ఎదురుగా నిలబడి నోరు తెరిచి వద్దు అన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

"మా ఆవిడ రోజూ అంటుంది," అన్నాడు మార్లిన్.

జనం పగలబడి నవ్వారు. నడీన్ చేతిలోని రుమాలుతో అతని భుజం మీద ఒకటేసింది. వేదిక మీది పెద్దమనిషి కూడా, హమ్మయ్య అన్నట్టు నవ్వాడు. లియోరా నిలబడే ఉంది. చెప్పాల్సింది ఇంకా ఉంది. నూట యాభై ఏళ్ళుగా ఆ వద్దు అన్న మాట మా బదులు చట్టం అంటోంది, అందుకే మేం ఇరుగుపొరుగున ఇంకా మాట్లాడుకోగలుగుతున్నాం, ఆ ఒక్క మాటనీ మీరు తీసుకొచ్చి మా నోట్లో కుక్కుతున్నారు, అని చెప్పాలి. నవ్వు ఆగలేదు. సూపు ఆమె వేళ్ళ మీద ఒలికింది. కూర్చుంది. ఇంటికొచ్చేదాకా స్టీరింగు మీద గుద్దుతూనే ఉంది.

ఆ చలికాలమే బిల్లు చట్టమైంది. మరుసటి ఏడాది నుంచి మూడు ఆదివారాలు. మొదటిది విల్లంబుల వాళ్ళకి, రెండోది ఎలుగుబంటి వేటకి, మూడోది జింకల వేట మొదలైన మర్నాడు. అందరి కళ్ళూ ఆ మూడోదాని మీదే.

అనుమతి కాగితాలు సెప్టెంబర్లో రావడం మొదలయ్యాయి. మొదట వచ్చింది మార్లినే. తెల్లవారుజామున, ఆమె ఆవు పొదుగు తుడుస్తూ వంగి ఉండగా, కొట్టం తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు పనిలో ఉన్నట్టున్నావ్."

"ఎప్పుడు లేనులే."

"మా అల్లుడు కోరీ ఏదో అచ్చు వేయించాడు. ఈ కుర్రకారుకి అన్నీ కాగితాల మీద ఉండాలిగా. ఇక్కడ పాల ట్యాంకు మీద పెడతాను. తొందరేం లేదు." పెన్ను కూడా పెట్టాడు. అన్నట్టే తొందరేం లేనట్టు అక్కడే నిలబడ్డాడు.

లియోరా చేతులు తుడుచుకుని కాగితం చూసింది. ఆదివారం నా భూమిలో వేటకు సంబంధించి, అని పైన. షరతులేమైనా ఉంటే, అని కింద ఒక గీత. దాని కింద సంతకానికి ఇంకో గీత. మార్లిన్ దూడను గోకుతున్నాడు. ఆ దూడ తల్లి, హార్వీ పోయిన ఫిబ్రవరిలో మార్లిన్ చేతుల మీదే పుట్టింది.

ఆమె షరతుల గీత మీద 'చూద్దాం' అని రాసింది. పక్కింటివాళ్ళకి రాసిచ్చే ఏ ముక్క కింద అయినా పేరు పెట్టడం ఆమె అలవాటు. జున్ను పంపినా చీటీ మీద పేరు రాస్తుంది. అలాగే సంతకం చేసింది.

మార్లిన్ కాగితం తీసుకుని చదివాడు. కాసేపు దాన్నే చూశాడు. తలూపాడు. సరిగ్గా అటక కింద ఊపినట్టే ఊపాడు.

"ఈ ఏడు మొక్కజొన్న బాగానే కాసినట్టుంది," అన్నాడు.

"వానలు కలిసొచ్చాయి," అంది.

అందింది అనుకుంది లియోరా. గుండె మీద బరువు దిగింది. తర్వాత ఇంకో ఆరుగురు వచ్చారు. ఆరు కాగితాల మీదా అదే మాట, అదే సంతకం. ఆరుగురూ చదివి, మడిచి, చలి పెరిగిందనో పెళ్ళి కుదిరిందనో ఒక మాటని వెళ్ళారు. ఒకాయన భార్య చేత ఊరగాయ సీసా కూడా పంపించాడు, ఇబ్బంది పెట్టినందుకు అన్నట్టు. విల్లంబుల ఆదివారం ఎవరూ రాలేదు. ఎలుగుబంటి ఆదివారం ఎవరూ రాలేదు. ఆమె రాయి మీద కూర్చుని గుడ్డు తింటూ, రాజధాని వాళ్ళకి ఏం తెలుసు, మా లోయలో కాగితానికి కూడా మర్యాద తెలుసు, అనుకుంది.

జింకల వేట మొదలైన శనివారం పొద్దున ఏడింటికే ఆమె తన ముప్పై రెండోదాన్ని కొట్టింది. దాన్ని షెడ్డులో వేలాడదీసి, చర్మం ఒలిచి, తృప్తిగా పడుకుంది. మర్నాడు చర్చి. తర్వాత పాత కోటు, డబ్బా, ఊట.

ఒక బూటు విప్పి చేత్తో పట్టుకుని ఉంది. అప్పుడు పేలింది తుపాకీ. ఎక్కడో కాదు, పైన వంద గజాల్లో. అడవి మొత్తం ఒక్కసారి తలుపు విసిరికొట్టినట్టయింది. పొదలు చీల్చుకుంటూ కొమ్ములకి ఎనిమిది కొనలున్న జింక ఒకటి వచ్చి, ముందుకాళ్ళు మడుచుకుని, ఊటలోకి మూతి పెట్టి కూలిపోయింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. లియోరా కదల్లేదు. నెత్తురు ఆమెకి కొత్తకాదు. ఆ నీళ్ళ మీద ఆదివారం మధ్యాహ్నపు వెలుగు ఇంకా అలాగే పడుతోంది. అదే ఆమె కళ్ళకి కొత్త.

పైనుంచి, వేటగాళ్ళు ఒకరికొకరు కనపడేలా వేసుకునే నారింజరంగు కోటు ఒకటి దిగివచ్చింది. మార్లిన్. వెనకే కోరీ.

మార్లిన్ ఆమెను చూసి ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. "లియోరా! నువ్వు ఇక్కడేం చేస్తున్నావ్?"

లియోరా చేతిలోని బూటును రాయి మీద పెట్టింది.

"నారింజ కోటైనా వేసుకోలేదు! ఆ గోధుమరంగు కోటేంటి? నీకేమైనా అయితే? ముందే చెప్పొద్దూ, ఇటు వస్తున్నానని!"

"నేను చెప్పాలా?" అంది లియోరా. గొంతు ఆమెదిలా లేదు. "మా అడవిలోకి నేను వస్తున్నానని నీకు చెప్పాలా?"

"భద్రత కోసం అంటున్నాను."

"నలభై ఏళ్ళ నుంచి ఆదివారం నేనెక్కడుంటానో నీకు తెలీదా మార్లిన్?"

మార్లిన్ జింక వైపు చూశాడు. "సగం సాసేజ్ చేయించి పంపిస్తాలే. ఎప్పుడూ పంపేదేగా."

లియోరా ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతోనే లేచి, సిగ్నల్ వచ్చే కంచె దాకా కొండెక్కింది. జీవితంలో మొదటిసారి, వేట చట్టాలు చూసే వార్డెన్‌కి ఫోన్ చేసింది. పక్కింటివాడి మీద.

వార్డెన్ దగ్గర్లోనే గస్తీలో ఉన్నాడు, ముప్పావుగంటలో వచ్చి ఆమె వెంట ఊట దగ్గరికి దిగాడు. పడమటి జిల్లాల నుంచి కొత్తగా బదిలీ అయినవాడు, నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. అందరికీ నమస్కారం చెప్పి, కాగితం ఉందా అన్నాడు. కోరీ చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం గబుక్కున తీసిచ్చాడు. అతని మొహంలో దొంగతనం లేదు. అతను లోయ పిల్లాడు కాదు, కాగితాన్ని కాగితంలాగే చదివాడు.

వార్డెన్ రెండుసార్లు చదివాడు. "ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదే. పైనేముందో చదవండి."

"షరతుల దగ్గర చూద్దాం అనుంది."

"అంటే వద్దని."

వార్డెన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "వద్దని ఎక్కడుందమ్మా? చూద్దాం అంటే, తర్వాత చూసి చెప్తాననేగా? తర్వాత కాదని మీరేమైనా చెప్పారా?"

"చెప్పక్కర్లేదు! ఇక్కడ ఎవర్నైనా అడగండి. ఆరుగురికి ఇదే రాసిచ్చాను, ఒక్కడు రాలేదు. ఎందుకు రాలేదంటారు?"

"నేను కాగితం మీదున్నదే చదవగలనమ్మా. లోయ భాష చదవలేను."

లియోరా మార్లిన్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఈ లోయలో పుట్టావు. అరవై మూడేళ్ళొచ్చాయి. చూద్దాం అంటే ఏంటో ఆయనకి చెప్పు."

మార్లిన్ తుపాకీ పట్టీ సవరించుకున్నాడు. "చూద్దాం అంటే... చూద్దామనే."

"మావయ్యా, ఇందులో ఏదైనా తిరకాసుందా?" అన్నాడు కోరీ.

"ఏం లేదు."

అప్పుడు లియోరాకి కోపం వచ్చింది. అప్పటిదాకా వచ్చింది కోపం కాదని ఆమెకి అప్పుడే తెలిసింది. అప్పటిదాకా వచ్చినదానికి గొంతు వణికేది. దీనికి వణకలేదు.

"ముప్పై తొమ్మిదేళ్ళ కిందట మా గడ్డి అటక కింద నిలబడి నన్నొక మాట అడిగావు. చేతి తొడుగులు తీసి మరీ అడిగావు. గుర్తుందా?"

"ఇప్పుడు అదెందుకు లియోరా..."

"నేనేమన్నాను?"

కోరీ మావగారి మొహం చూశాడు. వార్డెన్ చెట్లవైపు చూశాడు. మార్లిన్ మెడ నుంచి చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నేనేమన్నాను మార్లిన్?"

"చూద్దాం అన్నావ్."

"మరి తర్వాత వచ్చి అడగలేదేం? చూశావా లియోరా, ఏమంటావ్, అని మర్నాడు రాలేదేం? పోయి నడీన్‌ని ఎందుకు చేసుకున్నావ్?"

ఊటలో నీళ్ళు జింక మూతి చుట్టూ తిరిగి పోతున్నాయి. మార్లిన్ తుపాకీ పట్టీ మళ్ళీ సవరించుకున్నాడు.

"అది వేరు," అన్నాడు. "అది కాగితం మీద లేదు."

వార్డెన్ దగ్గాడు. కాగితం మడిచి కోరీకి ఇచ్చేశాడు. "చూడండమ్మా, సంతకం ఉంది కాబట్టి జరిగినదానికి నేను కేసు రాయలేను. కానీ భూమి మీది. అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కాగితం కూడా అక్కర్లేదు. నా ఎదురుగా నోటితో అంటే చాలు."

ముగ్గురూ ఆమెవైపు చూశారు. ఇంత కోపంలోనూ ఆ మాట గొంతులోకి రాగానే ఆగిపోయింది. ఫిబ్రవరి నాలుగు రోజులు అడ్డం వచ్చాయి. మంచులో ఎనిమిదిసార్లు వచ్చి పోయిన బూటు గుర్తులు అడ్డం వచ్చాయి. అల్మారా తలుపులు, మోకాళ్ళు అడ్డం వచ్చాయి. మార్లిన్‌కి అది తెలుసు. ఆమె నోరు అక్కడ ఆగిపోతుందని అతనికి ఈ లోయలో అందరికన్నా బాగా తెలుసు. తెలిసే సెప్టెంబర్లో ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడూ తెలిసే, దాదాపు దయగా, "చలిగా ఉంది లియోరా. బూటు తొడుక్కుని ఇంటికి పో," అన్నాడు.

ఆ దయే పని చేసింది.

"వద్దు," అంది.

ఆ మాట ఎంత చిన్నదో విని ఆమెకే ఆశ్చర్యం వేసింది. మళ్ళీ అంది. "వద్దు మార్లిన్. ఆదివారం నా అడవిలోకి రావద్దు. నువ్వు వద్దు, నీ అల్లుడు వద్దు. ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు వద్దు. రాజధాని వాళ్ళు యాభై రెండు ఆదివారాలు ఇచ్చినా వద్దు."

మార్లిన్ చెంపదెబ్బ తిన్నట్టు నిలబడ్డాడు. వార్డెన్ తన పుస్తకంలో రెండు ముక్కలు రాసుకున్నాడు. కోరీ జింక కొమ్ములు పట్టుకుని ఊటలోంచి బయటికి లాగడం మొదలుపెట్టాడు.

"సరే," అన్నాడు మార్లిన్ చివరికి. "ఆదివారం వద్దన్నావ్. సరే. మరి శనివారం? మా నాన్న కాలం నుంచి వస్తున్నాం. నా మంచె ఇరవై ఆరేళ్ళుగా ఆ ఓక్ చెట్టుకే ఉంది. మామూలు రోజుల్లో రావచ్చుగా?"

లియోరా రాయి మీద కూర్చుంది. రెండో బూటు తొడుక్కుంది. తాడు ముడి నెమ్మదిగా, గట్టిగా వేసింది. తల ఎత్తి అతని కళ్ళలోకి చూసింది.

"చూద్దాం," అంది.

వార్డెన్ మొహం వికసించింది. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "అదీ మాట! ఇరుగుపొరుగు అన్నాక ఇలాగే సర్దుకుపోవాలి," అని అందరికీ సెలవు చెప్పి కొండ దిగిపోయాడు.

మార్లిన్ కదల్లేదు. తుపాకీలోంచి గుళ్ళు ఒక్కొక్కటీ తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఓక్ చెట్టు దగ్గరికి పోయి, మంచెను కట్టిన పట్టీల మీద చెయ్యి వేశాడు. ఇరవై ఆరేళ్ళలో బెరడు వాటి మీదికి పెరిగిపోయింది.

"అదేంటి మావయ్యా, ఎందుకు విప్పుతున్నావ్?" కోరీ పరిగెత్తుకొచ్చాడు. "ఆవిడ చూద్దాం అన్నారుగా!"

"నోరు ముయ్యి," అన్నాడు మార్లిన్. "కత్తియ్యి."

లియోరా ఖాళీ కాని డబ్బా తీసుకుని లేచింది. నాలుగవుతోంది. కింద కొట్టంలో ఆవులు అప్పుడే అరుస్తున్నాయి. పట్టీ తెగిన చప్పుడు వెనకనుంచి వినిపించింది, తర్వాత ఇంకోటి. ఆమె వెనక్కి చూడలేదు. కోపం ఇంకా దిగలేదు, ఆమె దాన్ని దింపుకోవాలనీ అనుకోలేదు. మూడున్నర గంటలు పోయాయి. మళ్ళీ ఆదివారం దాకా రావు.